దాచుకోవడానికి పనికిరాని పిస్తోలు

విశాఖ, విజయనగరం రైల్వే కుటుంబాలకు కలకత్తాలోని గార్డెన్ రీచ్ అంటే ఆగ్నేయ రైల్వే హెడ్డాఫీసు. 2003 దాకా వాల్తేరు డివిజన్ దీని కిందే ఉండేది. నేనూ బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. బెంగాలీలకు మాత్రం ఈ పేరు వింటే 1915 ఫిబ్రవరి 12 గుర్తొస్తుంది. బర్డ్ కంపెనీ ఉద్యోగులు తీసుకెళ్తున్న 18,000 రూపాయలను ఆ రోజు విప్లవకారుడు బాఘా జతిన్ దళం ఇక్కడే దోచుకుంది. ఆ కేసులో అరెస్టయి, బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటిన నరేన్ భట్టాచార్యే తర్వాతి ఎం.ఎన్. రాయ్.

అప్పటి విప్లవకారుల ఆయుధం మౌజర్. 1914 ఆగస్టు 26న రోడ్డా అనే తుపాకుల కంపెనీ గుమాస్తా శ్రీశ్ చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించాడు. గోదాముకు చేర్చింది 192. మిగతా పదీ తెస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పోయిన సరుకు 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు!

రహస్యంగా వెంట పెట్టుకు తిరగడానికి అది తగిన ఆయుధమా? కాదనే అంటాను. అడుగు పొడవు, కిలోకు పైగా బరువు, ట్రిగ్గర్‌కు ముందు పొడుచుకొచ్చిన తూటాల గది. జేబులో పట్టదు, పంచె మడతలో ఆగదు. పైన శాలువా కప్పుకోవాల్సిందే. 1908లో ఆలీపూర్ జైల్లోకి దొంగచాటుగా చేరి, విప్లవకారుల కేసులో అప్రూవర్‌గా మారిన నరేన్ గోసాయిని బలిగొన్నవి మామూలు రివాల్వర్లే. దాచడానికి అవే నయం.

కానీ రివాల్వర్‌లో ఆరు తూటాలైతే దీనిలో పది. అయిపోతే పది తూటాల పట్టీ ఒకటి పైనుంచి దించితే చాలు. దాని చెక్క ఒరను పిడికి తగిలిస్తే భుజానికి ఆనించి రైఫిల్‌లా కాల్చవచ్చు. అసలు విలువ అక్కడుంది. మన అల్లూరి 1922లో పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్లాడు. మన్యంలో వాటిని దాచే అవసరం అంతగా లేదు. కలకత్తా వీధిలో పెద్ద తుపాకీతో పది అడుగులు వేయలేరు. అక్కడ రైఫిల్ పని చేయగలిగింది మౌజరే. 1914 ఆగస్టు తర్వాత బెంగాల్‌లో ఈ పిస్తోళ్లు లేకుండా జరిగిన విప్లవ ఘటనలు దాదాపు లేవని రౌలట్ కమిటీయే రాసింది.

1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర చషాఖండ్‌లో జతిన్, నలుగురు సహచరులు మౌజర్లతోనే సాయుధ పోలీసులకు ఎదురు నిలిచారు. సహచరుల్లో చిత్తప్రియ అక్కడే నేలకొరిగాడు, జతిన్ మర్నాడు కన్నుమూశాడు. విశాఖ నుంచి హౌరా వచ్చే రైలు బాలాసోర్ మీదుగానే వస్తుంది. ఒకసారి అక్కడ దిగి, చషాఖండ్ చూసి రండి.