తవుడిచ్చి కొనుక్కున్న కొడుకు

వరుసగా పుట్టిన బిడ్డల్ని మట్టిలో కలిపిన తల్లికి మళ్లీ కాన్పయ్యేది. ఈసారి బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచేవారు. ముందే మాట్లాడి పెట్టుకున్న ఇరుగింటావిడ అటుగా వచ్చి, ఎవరో పారేసిన పిల్లాడు దొరికినట్టు ఎత్తుకునేది. కన్నతల్లి ఆవిడకు కాసిని డబ్బులో, గుప్పెడు తవుడో ఇచ్చి తన బిడ్డనే కొనుక్కునేది. మగపిల్లాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. పనికిరాదని పారేసిన దాన్ని మృత్యువు మాత్రం ఎందుకు ముట్టుకుంటుందని వాళ్ల లెక్క.

ఈ నాటకం ఒక్కోచోట ఒక్కో తీరు. ఉత్తరాంధ్రలో బేరం పెట్టిన సరుకే పేరైంది: తవుడు, తవిటయ్య, తవిటినాయుడు. ఎంగిలి విస్తరికి పుల్లాకని పేరు. దాని మీద పొర్లించిన పిల్లాడు పుల్లయ్య. ఆ పేరు వెండితెర దాకా ఎక్కింది. 1934లో ‘లవకుశ’ తీసింది సి. పుల్లయ్య, 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీసింది పి. పుల్లయ్య. ఇది మనకొక్కరికే పుట్టిన ఊహ కాదు. హిందీవాళ్లలో నేల మీద ఈడ్చిన పిల్లాడు ఘసీటా. చైనా పల్లెల్లో కుక్క తినకుండా వదిలేసిందనే అర్థంతోనూ పేరుంది.

నవ్వొస్తే నవ్వుకోండి గానీ, ఆ భయం ఉత్తిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దేశంలో పుట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. మశూచి వస్తే పోచమ్మకు మొక్కుకోవాలి, దక్కితే పోచయ్య అని పిలుచుకోవాలి. అమ్మవారికి మొక్కడం, మృత్యువును మోసం చెయ్యడం. తల్లి చేతిలో ఉన్నవి ఈ రెండే.

పెంట అనగానే ముక్కు మూసుకునేది పట్నం. రైతుకు అది ఎరువు. ఎండాకాలం బండ్ల మీద పొలానికి తోలితేనే వానాకాలం పంట. నల్లమలలో చెంచుల గూడేన్ని కూడా పెంటే అంటారు. శ్రీశైలం దారిలో ఈగలపెంట, దోమలపెంట దాటే ఉంటారు మీరు. చెత్తకూ, నలుగురు బతికే చోటుకూ ఒకటే మాట. పెంటయ్యకు ఇంతకన్నా తగిన చుట్టరికం ఏముంది?

మశూచి 1975తో దేశం వదిలింది. 1971లో వెయ్యికి 129గా ఉన్న శిశుమరణాలు 2020 నాటికి 28కి దిగాయి. చేటా, పెంటకుప్పా అక్కర్లేకుండా పిల్లలు దక్కుతున్నారు. ఇక ఆ పేరు ఎవరు పెడతారు? పెద్దవాళ్లలో కొందరు పెంటయ్యలు బడి రిజిస్టర్లో ప్రకాశ్‌లయ్యారు. ఇంట్లో మాత్రం పేరు మార్చడానికి తల్లులు ఒప్పుకునేవారు కాదు. తవుడిచ్చి కొనుక్కుంది పెంటయ్యను గానీ ప్రకాశ్‌ను కాదు కదా.