మన కోసం ఆగని మందు: సైక్లోట్రాన్ కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతా.

పోయినేడాది మా పెదనాన్నకి డాక్టర్ పెట్ స్కాన్ రాశారు. ముందు రోజు సాయంత్రం స్కాన్ సెంటర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "పొద్దున్న ఏడింటికల్లా వచ్చేయండి సార్. లేటైతే మందు మన కోసం ఆగదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆగకపోవడం ఏంటి, ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కదా? తర్వాత చదివితే తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని.

ఆ ఇంజెక్షన్ పేరు ఎఫ్‌డీజీ. అందులో ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక ఐసోటోప్ ఉంటుంది. దాని అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు. అంటే పొద్దున్న 5 గంటలకి 800 పాళ్లు ఉంటే, 6:50కి 400, 8:40కి 200, 10:30కి 100 మాత్రమే మిగులుతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే, ఎందుకంటే చల్లదనం పరమాణు కేంద్రకాన్ని ఆపలేదు. కాబట్టి దీన్ని స్టాక్ పెట్టుకోవడం కుదరదు. ఏ రోజుది ఆ రోజే తయారు చేయాలి. ఆ తయారుచేసే మెషీనే సైక్లోట్రాన్.

ఇప్పుడు 1929కి వెళ్దాం. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ. ఎర్నెస్ట్ లారెన్స్ అనే కుర్ర ప్రొఫెసర్ లైబ్రరీలో ఒక జర్మన్ పత్రిక తిరగేస్తున్నాడు. ఆయనకి జర్మన్ అంతంతమాత్రమే, బొమ్మలు చూసి గ్రహించాడు. అది రాల్ఫ్ వీడెరో అనే ఇంజనీర్ రాసిన వ్యాసం. చార్జ్ ఉన్న కణాలని వరుస గొట్టాల్లోంచి పంపిస్తూ, కొంచెం కొంచెంగా తోసి వేగం పెంచవచ్చని అందులో ఉంది. కానీ ఎక్కువ వేగం కావాలంటే గొట్టాల వరుస చాలా పొడవు కావాలి. లారెన్స్‌కి తట్టిన ఆలోచన ఇది: అయస్కాంతంతో కణం దారిని గుండ్రంగా వంచేస్తే? అప్పుడు ఒకే చోట మళ్లీ మళ్లీ తోయొచ్చు కదా!

ఉయ్యాల ఊపడం గుర్తు తెచ్చుకోండి. ఒక్కసారే గట్టిగా తోయం. అది వెనక్కొచ్చిన ప్రతిసారీ, సరైన టైమ్‌కి చిన్న తోపు ఇస్తాం. ఇక్కడా అంతే. కణం వేగం పెరిగేకొద్దీ దాని చుట్టు పెద్దదవుతుంది. వేగమూ పెరిగింది, దూరమూ పెరిగింది, కాబట్టి ఒక చుట్టుకి పట్టే టైమ్ మారదు. కరెంటు దిశని ఒకే లయలో మారుస్తూ ఉంటే చాలు. అసలు ట్రిక్ అదే.

1931 జనవరిలో లారెన్స్, ఆయన విద్యార్థి స్టాన్లీ లివింగ్‌స్టన్ కలిసి నాలుగున్నర అంగుళాల సైక్లోట్రాన్‌ని నడిపించారు. అరచేతిలో పట్టేంత పరికరం! 2,000 వోల్టులు కూడా వాడకుండా కణాలకి 80,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇచ్చింది. ఈ ఆవిష్కరణకి లారెన్స్‌కి 1939లో నోబెల్ వచ్చింది.

కానీ మధ్యలో వాళ్లు ఒక పెద్ద ఆవిష్కరణని మిస్సయ్యారు. 1934లో పారిస్‌లో ఐరీన్, ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీ దంపతులు అల్యూమినియంని ఆల్ఫా కణాలతో కొట్టి, రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ని తయారు చేశామని ప్రకటించారు. బర్క్‌లీ సైక్లోట్రాన్‌లోనూ అప్పటికే ఇలాంటి ఐసోటోప్‌లు తయారవుతున్నాయి! మరి ఎందుకు కనిపెట్టలేదు? మెషీనుకీ, రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్‌కీ ఒకటే స్విచ్. మెషీన్ ఆపితే కౌంటర్ కూడా ఆగిపోయేది. సర్వర్‌తో పాటు మానిటరింగ్ కూడా పడిపోయినట్టన్నమాట, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. వార్త తెలిశాక వైర్లు మార్చి చూశారు. మెషీన్ ఆగినా కౌంటర్ టిక్ టిక్ మంటూనే ఉంది.

ఆ తర్వాత కథ వైద్యం వైపు తిరిగింది. లారెన్స్ తమ్ముడు జాన్ డాక్టర్. 1936లో ఆయన సైక్లోట్రాన్‌లో చేసిన ఫాస్ఫరస్-32ని లుకేమియా రోగికి ఇచ్చాడు. 1938లో జోసెఫ్ హామిల్టన్ అనే డాక్టర్, కెమిస్ట్ గ్లెన్ సీబోర్గ్‌ని ఒక కోరిక కోరాడు. థైరాయిడ్ పరిశోధనకి తన దగ్గరున్న అయోడిన్ అర్ధాయువు 25 నిమిషాలే, ఓ వారం ఉండేది కావాలన్నాడు. సీబోర్గ్, లివింగుడ్ కలిసి అయోడిన్-131ని కనుక్కున్నారు. దాని అర్ధాయువు 8 రోజులు. చాలా ఏళ్లకి సీబోర్గ్ తల్లికే ఆ అయోడిన్‌తో చికిత్స జరిగింది.

మరి మా పెదనాన్నకి ఇచ్చిన మందు? ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న నీళ్లని సైక్లోట్రాన్ ప్రోటాన్లతో కొడతారు. కేంద్రకంలోకి ఒక ప్రోటాన్ వెళ్తుంది, ఒక న్యూట్రాన్ బయటికొస్తుంది, ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్ అవుతుంది. దాన్ని గ్లూకోజ్ లాంటి అణువుకి తగిలిస్తే ఎఫ్‌డీజీ. చాలా రకాల క్యాన్సర్ కణాలు చక్కెరని ఎక్కువగా లాక్కుంటాయి. ఎఫ్‌డీజీని కూడా లాక్కుంటాయి, కానీ అరిగించుకోలేవు, అది లోపలే ఉండిపోతుంది. ఫ్లోరిన్ వదిలే పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ని తాకగానే రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో వెళ్తాయి. స్కానర్ పట్టేది వాటినే.

ఎఫ్‌డీజీని మనిషికి మొదటిసారి ఇచ్చింది 1976 ఆగస్టులో. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో తత్సువో ఇడో బృందం తయారు చేస్తే, చిన్న విమానంలో ఫిలడెల్ఫియాకి పంపారు. అక్కడ అబ్బాస్ అలావీ ఇద్దరు వాలంటీర్లకి ఇచ్చి మెదడు చిత్రాలు తీశారు. గడియారంతో పరుగు పందెం మొదటి రోజు నుంచే ఉంది!

మన దేశం ఈ కథలోకి చాలా ముందే రావాల్సింది. మేఘనాథ్ సాహా శిష్యుడు బి.డి. నాగ్ చౌధురి లారెన్స్ దగ్గరే చదువుకుని, 1940ల మొదట్లో కలకత్తాలో సైక్లోట్రాన్ కట్టడానికి తిరిగొచ్చాడు. కొన్ని భాగాలు చేరాయి. కానీ వాక్యూమ్ పంపులు తెస్తున్న ఓడ యుద్ధంలో మునిగిపోయింది. పని ఏళ్ల తరబడి వెనకబడింది. దేశంలో మొదటి మెడికల్ సైక్లోట్రాన్ 2002లో ముంబైలో మొదలైంది. 2018లో కోల్‌కతాలో సైక్లోన్-30 అనే పెద్దది పని మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోనూ మెడికల్ సైక్లోట్రాన్ ఉంది.

అసలు సమస్య ఇప్పటికీ దూరమే. సైక్లోట్రాన్ నుంచి మూడున్నర గంటల ప్రయాణమంటే, దారిలోనే మూడొంతులు పోతుంది. అందుకే ఆ సెంటర్లు పెద్ద ఊళ్ల చుట్టూనే ఉంటాయి. మారుమూల ఊళ్లో పేషెంట్ రాత్రి బస్సెక్కాల్సి రావడానికి ఒక కారణం ఈ 110 నిమిషాలే.

మేము 6:40కే వెళ్లి కూర్చున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా పెట్ స్కాన్ ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సెంటర్ వాళ్లు చెప్పిన టైమ్‌కి, చెప్పినట్టు ఖాళీ కడుపుతో వెళ్లండి. షుగర్ ఉంటే ముందే చెప్పండి. మీ కోసం ఎవరో తెల్లవారకముందే లేచి ఆ మందు తయారు చేసుంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఉత్తరంలో పెట్టి ఇటలీకి పంపిన లోహపు రేకులోంచి కొత్త మూలకం ఎలా బయటపడిందో చెప్తా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.