క్రిస్మసు వేడుకయు నన్యమతస్థుల మనస్తాపమును : గుంతకల్లు సీమ సాక్ష్యము

కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు మాసమున మేమొక విద్యాసంస్థకు ప్రసంగార్థము పోయియుంటిమి. వెదురుబద్దలతోను రంగుకాగితములతోను విద్యార్థులు కట్టిన నక్షత్రమొకటి ముందురోజు వఱకు ద్వారముపై వ్రేలాడుచుండెనట. మేము పోవునప్పటికది గోడప్రక్క నానించియుండెను. కారణమడుగగా ఇతర మతములవారి మనస్సు నొచ్చునేమోయని తీయించితిమని సమాధానము వచ్చినది. నొచ్చినదని చెప్పినవారెవరని మరల నడిగితిమి. ఎవరును చెప్పలేదు, ఎవరైన చెప్పుదురేమోయను శంక మాత్రమే.

ఈ శంకను మర్యాదగా భావించువారు కలరు. కాని యందొక యారోపణము దాగియున్నది. అచ్చట చదువుచున్న హిందూ, మహమ్మదీయ విద్యార్థులను ఒకమాటయైన నడుగకయే ఫిర్యాదుదారులుగా నిలిపిరి. వారు నిజముగా ఫిర్యాదు చేయువారేనా యనునది చరిత్రను బట్టి పరీక్షింపదగిన ప్రశ్న. ఆ పరీక్షకు గుంతకల్లు ప్రాంతము మిక్కిలి తగియున్నదని మా యభిప్రాయము.

1800 సంవత్సరమున నిజాము ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసిన మండలములలో నిది చేరినది. గుత్తి తాలూకాలోని యీ యూరు 1882లో అనంతపురము జిల్లా యేర్పడువఱకు బళ్లారి జిల్లాలోనిదే. 1871 నాటికి మద్రాసు రైలుమార్గము దీనిమీదుగా రాయచూరు చేరెను. పిమ్మట హుబ్లీ దిక్కునుండి మీటరుగేజి మార్గమును వచ్చి కలియుటచే నిది పెద్ద కూడలియైనది. 1956లో రైల్వే డివిజనుకు కేంద్రమయ్యెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మించి నోచుకొనని మెట్టసీమలో, పొలము నమ్ముకొనలేనివానికి రైలు అన్నము పెట్టినది. తెలుగు, కన్నడ, ఉర్దూ, తమిళ భాషలవారును ఆంగ్లో ఇండియనులును ఒకే కాలనీలో కాపురముండిరి.

ఈ సీమలో పండుగ యనునది ఇంటిలోపలి వ్యవహారము కాదు, వీధిది. కసాపురమున నెట్టికంటి ఆంజనేయుని వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరని ప్రతీతి. అటకు కొలది మైళ్లలోనే పాత గుంతకల్లున మస్తాన్‌వలి దర్గా కలదు. ఉరుసునాడు అందు కొబ్బరికాయయు చక్కెరయు పట్టుకొని నిలుచువారిలో హిందువు లెందరో లెక్కింప నవసరము లేదు. ఈ ప్రాంతపు పేర్లు చూచిన చాలును. మస్తానప్ప, హుస్సేనప్ప, ఫక్కీరప్ప, కుళ్ళాయప్ప యనునవి కాపులకును బోయలకును కురుబలకును తఱచుగా నుండు పేర్లు. నార్పల సమీపమున గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లపండుగకు వేలకొలది జనము చేరుదురు. ఆంజనేయుని గుడి ఆ ప్రక్కనే యున్నది. గుండము త్రొక్కువారిలోను చదివింపులు చేయించువారిలోను హిందువులును కలరు. పరమతపు పండుగ వీధిలో జరిగినంతమాత్రమున మనస్సు నొచ్చు స్వభావమే ఈ జనులకున్నచో ఈ పేర్లు పుట్టియుండవు.

అయినను పీర్లపండుగకు జెల్లినది క్రిస్మసునకు జెల్లునా యని యడుగవచ్చును. పీర్లపండుగ శతాబ్దులుగా నీ నేలలో వేళ్లు పాతుకొన్నది. క్రిస్మసు పరదేశి ప్రభువుతో వచ్చినది. ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. ఇట రెండు క్రిస్మసులను వేఱుపఱచి చూడవలసియున్నది.

మొదటిది దొరల క్రిస్మసు. హిందుస్తానీలో బడాదిన్ అనిరి. ఆ దినమున క్రిందియుద్యోగులును కంట్రాక్టర్లును పండ్లు, మిఠాయిలు పేర్చిన డాలీలను దొరల బంగళాలకు మోసికొని పోవుట వాడుక. రైల్వే కాలనీలలో ఇన్‌స్టిట్యూటులందు విందులు, నృత్యములు, పిల్లలకు బహుమానములు జరిగెడివి. ఆ వేడుకను వెలుపల నిలిచి చూచువానికి కష్టము కలిగియుండినచో నది యేసు జన్మమునుగూర్చి కాదు. లోనికి రానీయకుండుటను గూర్చియు, డాలీ మోయవలసివచ్చుటను గూర్చియు కలిగిన కష్టమది. అధికారముమీది రోషమును మతముమీది రోషముగా చదువుట మన చరిత్రరచనలో తఱచుగా జరుగు పొరపాటు.

రెండవది దళితవాడల క్రిస్మసు. బళ్లారిలో 1810లో జాన్ హాండ్స్ నెలకొల్పిన లండన్ మిషన్, పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున గుత్తిని తెలుగు పనికొక కేంద్రముగా చేసికొన్నది. దత్తమండలములలో ఆ మిషనువారి సంఘములలో చేరినవారిలో అధికసంఖ్యాకులు దళితులు. అందును మాలలు ముఖ్యులు. ఇట విచిత్రమైన విషయ మొకటి కలదు. లండన్ మిషన్ ముఖ్యముగా కాంగ్రిగేషనలు సంఘములవారి ఆధారముతో నడచినది. వారి పూర్వులైన ప్యూరిటనులు క్రిస్మసును మూఢాచారమని త్రోసిపుచ్చినవారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు ఈ పండుగను నిషేధించెను. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 మొదలు 1681 వఱకు క్రిస్మసు జరుపుకొన్నవారికి జుల్మానా విధించెడివారు. లోకమున క్రిస్మసు వేడుకపై శాసనపూర్వకముగా కత్తిగట్టినవారిలో ముందు వరుసవారు క్రైస్తవులే యని చెప్పవలసివచ్చుచున్నది.

అట్టి సంప్రదాయపు వారసులు తెచ్చిన మతమున, గుత్తి గుంతకల్లు పల్లెలలో పండుగ యింత సందడిగా నెట్లు నిలిచినది? పందొమ్మిదవ శతాబ్ది వచ్చునప్పటికి ఇంగ్లండున ఆ పాత పట్టుదల సడలిన మాట నిజమే. 1947లో దక్షిణ భారత సంఘ మేర్పడి ఆంగ్లికను సంప్రదాయమును కలసిన మాటయు నిజమే. కాని వాడలలో కనబడు రూపము ఇంగ్లండుది కాదు. గోడలకు సున్నము, వాకిట ముగ్గు, క్రొత్తబట్టలు, పచ్చని పందిరి, రాత్రి యంతయు తాళములతోను కంజరలతోను భజన, తెల్లవారి యిరుగుపొరుగులకు పిండివంటలు — ఇవి సంక్రాంతికిని శ్రీరామనవమికిని ఈ జనులెఱిగిన మర్యాదలే. మిషనరీ గ్రంథము నిచ్చెను. పండుగను పల్లె చేసికొన్నది.

సాహిత్యమునందును ఇట్లే జరిగినది. పదునెనిమిదవ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తుకథను 'వేదాంత రసాయనము' అను పేర పద్యప్రబంధముగా సంతరించెను. ఆ పేరును వినినవాడు పరదేశి గ్రంథమనుకొనునా? పురుషోత్తమ చౌదరి కీర్తనలు కర్ణాటక రాగతాళములలో నడచినవి. జాషువ మహాకవి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమాన మిచ్చినది. తెలుగు శాఖలో పనిచేయు మాకు ఈ మూడును ఒకే వాఙ్మయములోని పుటలు.

ఇక ఘర్షణలేలేవా? ఉన్నవి. వానిని దాచిన పరిశోధన కానేరదు. పదునెనిమిదవ శతాబ్ది తొలి దశకములలో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరినుండి అనంతపురము ప్రాంతపు కృష్ణాపురము వఱకు సన్యాసివేషముతో సంచరించి బోధించిరి. వారికి వైష్ణవ దాసరులనుండి తీవ్రమైన ప్రతిఘటన కలిగినట్లు వారి లేఖలే చెప్పుచున్నవి. కాని యా లేఖలను చదివినచో వివాదము పండుగను గూర్చినది కాదని తోచును. శిష్యులెవరికి చెందవలెను, గురుకట్నమెవరికి ముట్టవలెను అనునదియే అందలి ముడి. ఒక గురువు మఱియొక గురువును చూచి యసహనపడుటకును, ఊరివాడు పొరుగువాని దీపమును చూచి నొచ్చుకొనుటకును భేదము కలదు.

మద్రాసు రాజధానిలో పండుగల తగవు న్యాయస్థానమెక్కిన సందర్భము లనేకములు. 1882లో సేలమున హిందూ మహమ్మదీయుల మధ్య ఊరేగింపును గూర్చి ఘోరమైన కలహము జరిగినది. ఆ కాలముననే సుందరం చెట్టి వ్యవహారమున (1883) మసీదుముందు వాద్యములతో పోవు హక్కును గూర్చి మద్రాసు హైకోర్టు విచారించినది. రాజవీథిలో ఊరేగు హక్కు అందఱికిని గలదని 1924లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. మేజిస్ట్రేటు ఉత్తర్వులకును ఇతరుల రాకపోకలకును లోబడి యని దానికొక హద్దును పెట్టెను. ఆ వ్యాజ్యమున కక్షిదారులెవరు? ఔరంగాబాదను నుత్తరదేశపు టూరిలోని షియాలును సున్నీలును. మొహరము ఊరేగింపునకు అడ్డుపడినవారు పరమతస్థులు కారు, స్వమతస్థులే! ఈ తగవులన్నిటిలోను ప్రశ్న యొక్కటే: ఏ దారిని, ఏ వేళను, ఎంత శబ్దముతో, ఎవరు ముందు? ఇవి దారితగవులు. పండుగ యుండుటయే అపచారమని వాదించినవారు అరుదు.

శాసనమును ఈ భేదమును గుర్తించినది. 1927లో శిక్షాస్మృతికి చేర్చిన 295ఎ సెక్షను, బుద్ధిపూర్వకమును దురుద్దేశపూర్వకమునైన మతావమానమునే నేరమన్నది. 1957లో రాంజీలాల్ మోదీ వ్యవహారమున సుప్రీంకోర్టు ఆ సెక్షనును సమర్థించుచు, ప్రతి యవమానమును నేరము కాదని స్పష్టము చేసినది. ఒకని పండుగను మఱియొకడు చూచుట యీ మాటలలో నెచ్చటను ఇమడదు.

దారితగవనగానే మఱియొక సంగతి చెప్పక తప్పదు. వాడనుండి భజనమేళము ఊరి పెద్దవీధికి వచ్చునప్పుడు కొందఱి నొసలు ముడివడుట మనదేశమున క్రొత్త కాదు. అది క్రీస్తుమీది కోపమా? దళితుని పెండ్లియూరేగింపును పెద్దవీధిని పోనీయనివారును ఇదే మాట పలికిరి. అందు క్రీస్తు లేడుగదా. నొచ్చినది కులగర్వము. దానికి మతభావమను గౌరవనామమిచ్చుట చరిత్రకారుని పని కాదు.

ఇచ్చట ప్రశ్నను త్రిప్పి వేయుట యుచితమని మాకు తోచుచున్నది. క్రిస్మసును బహిరంగముగా జరుపుటవలన నెవరికైన నష్టమున్నచో అది చూచువానికా, జరుపువానికా? 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ననుసరించి షెడ్యూల్డు కులములవాడుగా గుర్తింపు పొందుటకు హిందువై యుండవలెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును ఆ ద్వారము తెఱచిరి, క్రైస్తవులకు తెఱవలేదు. ఇంటిపై నక్షత్రము కట్టిన దళితుడు తన పిల్లల చదువునకును ఉద్యోగమునకును ఆధారమైన పత్రమును పణముగా నొడ్డుచున్నాడు. చర్చిలో నొక పేరును బడి రిజిస్టరులో నింకొక పేరును గల కుటుంబములు మన విద్యార్థులలోనే యున్నవి. ఈ యుత్తర్వు న్యాయమా కాదా యనునది వేఱు చర్చ. కాని యిట్టి భయము నడుమ కట్టిన నక్షత్రమును 'ఇతరులు నొచ్చుకొందురు' అని దింపించునపుడు ఎవరి నొప్పిని ఎవరు లెక్కకు తెచ్చుచున్నారో ఆలోచింపవలెను.

ప్రభుత్వమే పండుగ చేయుటను గూర్చిన యాక్షేపము మాత్రము వేఱుజాతికి చెందినది. 2014 తరువాత తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదున క్రిస్మసు విందులు జరిపి పేదలకు బట్టలు పంచినది. ఆంధ్రప్రదేశమున సంక్రాంతి, రంజాను కానుకలతోపాటు 'చంద్రన్న క్రిస్మసు కానుక'యు వచ్చినది. ప్రజాధనమును ఏ మతపు పండుగకును వెచ్చింపరాదని యెవరైన వాదించినచో అది గౌరవింపదగిన వాదమే. మూడు కానుకలకును సమముగా వర్తించు వాదము. 2011లో ప్రఫుల్ల గోరాడియా వ్యవహారమున సుప్రీంకోర్టు, పన్నులలో గణనీయమైన భాగము ఒక మతమునకు పోయిననే రాజ్యాంగపు 27వ అధికరణమునకు భంగము కలుగునని చెప్పెను. ఇది ఖజానాను గూర్చిన తర్కము. నొచ్చుకొనుటతో దీనికి పనిలేదు.

ఇటీవల ఉత్తరదేశమున జరిగినవానిని మఱవరాదు. 2017 డిసెంబరులో ఆలీగఢ్ బడులకు ఒక సంస్థవారు క్రిస్మసు జరుపవలదని హెచ్చరికలు పంపిరి. 2021లో అంబాలాలో పండుగ మఱునాడు చర్చి యావరణలోని క్రీస్తుప్రతిమ విఱుగగొట్టబడెను. కనుక ఆక్షేపించువారే లేరనుట యసత్యము. అయినను ఆలీగఢ్ హెచ్చరిక చెప్పిన కారణము మతమార్పిడి భయము. పండుగ దానికొక నెపము. పైగా హెచ్చరించినది సంస్థ. పిల్లలను ఆ బడులకు పంపుచున్న తల్లిదండ్రుల సమూహము కాదు. ఇతరుల పక్షమున మాటాడువాడు ఆ యితరులచే నియుక్తుడా యని ప్రతి సాక్ష్యమునందును విచారింపవలెను.

ఇంగ్లండు కథ దీనికి విలోమముగా నున్నది. 1997, 1998 సంవత్సరములలో బర్మింగుహాం నగరసభ చలికాలపు వేడుకలన్నిటికిని కలిపి 'వింటర్‌వాల్' అను పేరు పెట్టెను. అన్యమతస్థులు నొచ్చుకొందురని క్రిస్మసునే రద్దుచేసిరని కథ పుట్టి పత్రికలలో పదునాలుగేండ్లు తిరిగినది. నిజమునకు ఆ నగరమున క్రిస్మసు చెట్టును దీపములును గీతములును ఎప్పటివలెనే యుండెను. 2011లో నొక ప్రముఖ దినపత్రిక సవరణ ప్రకటింపవలసివచ్చెను. అచ్చటను ముసల్మానులను హిందువులను అడిగినవారు లేరు. వారి పేర ఆగ్రహించినవారే యెక్కువ.

ఈ విషయమున మన పరిశోధక విద్యార్థులు చేయవలసిన పని మిగిలియున్నది. గుత్తి, గుంతకల్లు, ఉరవకొండ ప్రాంతపు వాడలలో వృద్ధుల నోట నిలిచిన క్రిస్మసు భజనగీతములను, ఆ రాత్రి మేళమునకు తబలయో హార్మోనియమో వాయించుటకు వచ్చిన ఇతర మతస్థుల పేర్లతోసహా, వ్రాసికొనవలెను. పండుగ పందిరికి వాసములిచ్చినవారెవరు, మేళము ఏ వీధివఱకు పోయెను, ఎచ్చట ఆగెను, ఆపినవారేమనిరి అనునవి కూడ అడుగవలెను. పీర్లచావిడి ఖర్చులపద్దులు కొన్ని గ్రామములలో నుండవచ్చును. వానిని ప్రక్కనబెట్టి చూచుట మంచిది. మేమాదినమున నక్షత్రమును గూర్చి యడుగుచుండగా విని, అచ్చటి యటెండరు "ఈ రంగుకాగితము పీర్లకు తెచ్చు అంగడిదే" యని చెప్పి దానిని వాన తగులకుండ అరుగుమీదికి జరిపెను.