గంజి, కుడితి, అత్తెసరు: తార్నాక పోషకాహార పరిశోధనల వెలుగులో తెలుగు వంటింటి వ్యర్థం

పూర్వపు తెలుగు వంటింట్లో వ్యర్థమే ఉండేది కాదన్న అభిప్రాయం నేడు విస్తృతంగా వినిపిస్తున్నది. ఈ అభిప్రాయంలో సత్యమెంత అన్నది వంటింటి పదజాలాన్ని, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన చరిత్రను పక్కపక్కన నిలిపి పరిశీలించినప్పుడు స్పష్టమవుతుంది.

కుడితి తొట్టి వ్యవస్థ

బియ్యం కడిగిన నీరు, వార్చిన గంజి, కూరగాయల చెక్కు, తవుడు కలిసిన పశువుల పానీయమే కుడితి. మనిషి తినని పదార్థం తొట్టి ద్వారా పశువుకు చేరి, పాలుగా, పేడగా తిరిగి ఇంటికి వచ్చేది. తొట్టికి చేరక ముందే ఇల్లాలు కొంత వేరుచేసేది. బీరపొట్టు పచ్చడి, అరటి దూట కూర, మామిడి ఒరుగులు, గంజి వడియాలు ఆ వివేకానికి నిదర్శనాలు. మిగిలిన అన్నం చద్దన్నమయ్యేది. గంజి పులిసి తరవాణి అయ్యేది. తొట్టి కనుమరుగైనా ‘కుడితిలో పడ్డ ఎలుక’ అన్న జాతీయం నేటికీ వాడుకలో నిలిచి ఉండడం ఆ వ్యవస్థ ఎంత సర్వసాధారణమో తెలుపుతున్నది.

పోషకాహార శాస్త్రపు కొలమానం

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనా విభాగమే కాలక్రమంలో పోషకాహార పరిశోధనాశాలగా విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం పొరుగున స్థిరపడింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. ఈ సంస్థ పుట్టుకకు కారణమైన వ్యాధితో తెలుగువారికి సన్నిహిత సంబంధమున్నది. మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుపడిన ప్రాంతాలు. బాగా మరపట్టిన పచ్చిబియ్యం వాడకం, థయమిన్ లోపం ఇందుకు మూలమని పరిశోధనలు నిరూపించాయి. తవుడులో ఉన్న ఈ విటమిన్ మరపట్టడంలో చాలావరకు పోతుంది. మిగిలినదానిలో కొంత బియ్యం కడిగిన నీటితో, మరికొంత వార్చిన గంజితో తొలగిపోతుంది. ఉప్పుడు బియ్యంలో అది గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది.

ఈ దృష్టితో చూస్తే కుడితి తొట్టి అర్థం మారుతుంది. ఇంటి దృష్టిలో ఏదీ వృథా కాలేదు. శరీరం దృష్టిలో మాత్రం మనిషికి అవసరమైనదే పశువుకు చేరింది. గంజిని తాగిన పేద కుటుంబం దానిలో కొంత తిరిగి పొందింది. అయితే గంజి తాగడం దారిద్ర్యానికి గుర్తుగా మారడంతో కలిగినవారు దానికి దూరమయ్యారు. వ్యర్థం లేకపోవడం, పోషణ లోపించకపోవడం ఒకటి కావన్నది ఈ చరిత్ర చెప్పే ముఖ్యాంశం.

గంజి వార్చని వంట పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. సరిపడినంత ఎసరు మాత్రమే పెట్టి వండడాన్ని ‘అత్తెసరు’ అన్నారు. ఆ మాట నేడు ‘అత్తెసరు మార్కులు’ వంటి ప్రయోగాల్లో చాలీచాలని దానికి పర్యాయమైంది. శాస్త్రం మేలని చెప్పిన పద్ధతికి వాడుక భాష చిన్నచూపును అంటగట్టడం గమనార్హం. ప్రెషర్ కుక్కరు వచ్చి ఈ పద్ధతినే అనేక ఇళ్ళలో మళ్ళీ స్థిరపరచింది.

తొట్టి లేని నగరం

అపార్టుమెంట్ల తార్నాకలో అన్నంలోని పోషకం కొంత నిలిచింది గాని, తొక్కలకు తొట్టి లేదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి చెత్తలను ఇంట్లోనే వేరుచేయాలని నిర్దేశించాయి. తార్నాకలోనే ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన వాయుజనక పద్ధతితో బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల వరకు విద్యుత్తు ఉత్పత్తి అవుతున్నది. ఇది ఒక విధంగా నగరపు కుడితి తొట్టి. అయితే పాత తొట్టి వలెనే ఇదీ వంటిల్లు విడిచినదాన్ని మాత్రమే స్వీకరించగలదు. ఏది విడవాలో నిర్ణయించేది వంటిల్లే.

భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు 100 గ్రాముల ‘తినదగిన భాగాన్ని’ ప్రమాణంగా తీసుకుంటాయి. ఆ భాగం హద్దును ప్రయోగశాలతోపాటు ఆచారమూ నిర్ణయిస్తుంది. బీరపొట్టును పచ్చడిగా ఎరిగిన ఇంట్లో ఆ హద్దు వేరు, ఎరుగని ఇంట్లో వేరు. కాబట్టి పొట్టు, దూట, ఒరుగు, తరవాణి, అత్తెసరు వంటి మాటల సేకరణ కేవలం నిఘంటు కార్యం కాదు. మాట మరుగైనచోట దాని వెంట ఒక వంట మరుగవుతుంది. ఆ వంట మరుగైన మేరకు చెత్తబుట్ట బరువు పెరుగుతుంది.