బెర్లిను ప్రాకారము

యూరపుచరిత్రము చెప్పుచు మేమొకనాడు నల్లబల్లపై బెర్లినునగరమును గీచి, దాని పడమటిభాగము చుట్టును గోడ గీచితిమి. ఒక విద్యార్థి లేచి, "అయ్యా, గోడలోపలివారే గదా ఖైదీలు?" అని యడిగెను. పటమును జూచిన నట్లే తోచును. నిజము తలక్రిందులు. చుట్టబడినవారు యథేచ్ఛగా తిరిగిరి. చుట్టినవారి ప్రజలే బందీలైరి.

1945లో హిట్లరు కూలినపిదప రష్యా, అమెరికా, బ్రిటను, ఫ్రాన్సులు జర్మనీని నాలుగు మండలములు చేసెను. బెర్లిను రష్యామండలము నడుమనున్నను, రాజధాని యగుటచే దానినిగూడ నాలుగుపాళ్లు చేసిరి. మిత్రులు త్వరలోనే వైరులైరి. 1949లో జర్మనీ రెండు రాజ్యములయ్యెను. 1952లో వాని నడిమి సరిహద్దు మూయబడెను. బెర్లినులో మాత్రము త్రోవ తెరచియే యుండెను. తూర్పువాడు నగరపు రైలెక్కి కొన్ని నిమిషములలో పడమట దిగవచ్చును. 1949 మొదలు 1961 వరకు తూర్పు జర్మనీని విడిచిపోయినవారు సుమారు 27 లక్షలు. వారిలో వైద్యులు, ఇంజనీర్లు, మావంటి ఉపాధ్యాయులు పెక్కుమంది. ఓటుతో మార్చుటకు వీలులేని ప్రభుత్వమును ప్రజలు కాళ్లతో నిరాకరించిరి.

1961 జూను 15న తూర్పుజర్మనీ నాయకుడు ఉల్‌బ్రిహ్టు, గోడ కట్టు తలంపెవరికిని లేదని పత్రికలవారితో చెప్పెను. అంతకుముందు గోడమాట నెవరు నెత్తలేదు! ఆగస్టు 13, ఆదివారము, జనులు నిద్రలేచుసరికి నగరమునడుమ ముండ్లతీగె పఱచబడియుండెను.

బెర్నవరు వీథి కథ వినదగినది. అచ్చట నొకవరుస యిండ్లు తూర్పువి. వాకిటిముందరి కాలిబాట పడమటిది. గడప దాటుటయే రాజ్యము దాటుట. మొదట వాకిళ్లను, పిదప కిటికీలను ఇటుకలతో మూయించిరి. అంతలో పై యంతస్తులనుండి జనులు దుమికిరి. క్రింద పడమటి అగ్నిమాపకదళమువారు గట్టిగుడ్డలు పట్టి నిలిచిరి. కొందఱు బ్రదుకలేదు.

ప్రభుత్వము దీనికి "ఫాసిస్టు నిరోధక రక్షణప్రాకారము" అని పేరిడెను. పేరు నిజమైనచో అడ్డంకులన్నియు పడమటిశత్రువునకు ఎదురుగా నుండవలెను. కాని తూర్పునుండి వచ్చువానికే మొదట లోపలిగోడ, తాకిన హెచ్చరిక చేయు తీగె, కావలిబురుజులు, అడుగుజాడలు తెలియుటకై చదునుచేసిన యిసుక, బండ్ల నాపు కందకము, తుదకు 3.6 మీటర్ల కాంక్రీటుగోడ. పడమటివాడో, గోడదాక వచ్చి దానిపై బొమ్మలు వ్రాసి పోయెడివాడు. పేరు చెప్పని సత్యమును కందకము చెప్పుచుండెను.

పడమటి రాజ్యములు ఖండనలు పంపెను, గోడను ముట్టలేదు. యుద్ధముకంటె గోడయే మేలని అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తలచెను. ఆ తలంపు తప్పని మేమనజాలము. అణ్వస్త్రములు గల రెండుపక్షముల ట్యాంకులు ఆ అక్టోబరులో వీథిమొగమున ఎదురెదురుగా నిలిచి వెనుదిరిగెను. కాని ఆ శాంతికి వెల నిచ్చినవారు వేఱు. గోడయొద్ద కనీసము 140 మంది ప్రాణములు కోల్పోయిరి.

1989 నవంబరు 9 రాత్రి ద్వారములు తెరువబడెను. బెర్నవరు వీథిలో గోడల నడుమ చిక్కిన చర్చి నొకదానిని 1985లోనే తూర్పు ప్రభుత్వము పేల్చివేసియుండెను. ఆ చోట 2000లో చిన్న ప్రార్థనామందిరమును కట్టిరి. దాని గోడలు మట్టివి. పాతచర్చి ముక్కలను పొడిచేసి ఆ మట్టిలో కలిపిరి.