పాత కారవాన్ వాహనముల మరమ్మతు

కారవాన్ అనగా ప్రయాణమునకే గాక నివాసమునకు కూడా అనువుగా అమర్చబడిన మోటారు వాహనము. భారతదేశపు నిబంధనల ప్రకారము మోటారు కారవాన్‌లో కూర్చొనుటకు ఆసనములు, బల్ల, నిద్రించుటకు పడక, వంట చేసుకొను వసతి, సామాను పెట్టుకొను అరలు ఉండవలెను. తెలుగునాట ఈ పదము సినిమా చిత్రీకరణల వద్ద నటీనటులు విశ్రమించు వాహనముల ద్వారా ఎక్కువగా ప్రచారములోనికి వచ్చినది. పాత వ్యానులను కొని, సొంతముగా బాగుచేసుకొని, విహారయాత్రలకు వాడుకొను పద్ధతి ప్రపంచమంతటా ఉన్నది. ఇందులో మెకానిక్ పని, వడ్రంగము, విద్యుత్తు, నీటి గొట్టముల పని కలిసి ఉండును. చిన్న పొరపాటు కూడా ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

చరిత్ర

జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ సంస్థ 1950లో టైప్ 2 వ్యాను తయారీని ప్రారంభించినది. 1951 నుండి వెస్ట్‌ఫాలియా అను సంస్థ ఆ వ్యానులో పడక, అరలు అమర్చసాగినది. నేటి క్యాంపర్ వ్యానులు అనేకము ఈ నమూనాను అనుసరించినవే.

భారతదేశములో ఈ పనికి అనువైన పాత వాహనములు ప్రధానముగా మూడు. మొదటిది బజాజ్ టెంపో సంస్థ 1969లో విడుదల చేసిన మెటాడోర్. రెండవది అదే సంస్థ 1987లో తెచ్చిన టెంపో ట్రావెలర్. ఈ సంస్థ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారినది. మూడవది 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, తరువాత ఓమ్ని అని పిలువబడిన 796 సీసీ చిన్న వ్యాను. దీని తయారీ 2019లో నిలిచిపోయినది. మెటాడోర్, ట్రావెలర్‌లలో పడక, వంటగట్టు రెండింటికీ చోటుండగా, ఓమ్నిలో మడత పడకకు మాత్రమే చోటుండును.

హైదరాబాదులో

బోరబండ హైదరాబాదు నగరములో సనత్‌నగర్ పారిశ్రామికవాడకు, హైటెక్ సిటీకి నడుమ ఉన్న జనసాంద్రత గల ప్రాంతము. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలు మార్గములో దీనికి స్టేషను కలదు. దీనికి సమీపమునందలి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌లలో సినీ కార్మికులు అధికముగా నివసింతురు. వాహనముల బాడీ నిర్మాణము ఈ పరిసరములకు కొత్త కాదు. 1942లో స్థాపించబడి, సనత్‌నగర్‌లో కర్మాగారము నడిపిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ రిఫ్రిజిరేటర్లు, గడియారములతో పాటు బస్సు బాడీలను కూడా తయారుచేసినది.

సొంతముగా పని చేసుకొనువారికి కావలసిన సామాను నగరములోనే లభించును. పంపులు, గొట్టములు, హార్డ్‌వేర్ సికింద్రాబాదు రాణీగంజ్‌లోను, వాహనముల విడిభాగములు పుత్లీబౌలిలోను, ఎలక్ట్రానిక్ భాగములు కోఠీ గుజరాతీ గల్లీలోను దొరకును.

చట్టపరమైన అంశములు

మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణతో చేర్చబడిన 182ఏ సెక్షను ప్రకారము అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చును. కారవాన్‌ల నిర్మాణమునకు ఏ.ఐ.ఎస్.-124 అను ప్రమాణము కలదు.

కావున పైకప్పు కోయుట, ఆసనముల సంఖ్య మార్చుట, ఇంజను మార్చుట వంటి పనులకు ముందు రవాణా కార్యాలయమును సంప్రదించవలెను. ఆసనములను కదపక, విడదీయగల పడకను, వంటపెట్టెను వాడుట సురక్షితమైన మార్గము. ప్రైవేటు వాహనము రిజిస్ట్రేషన్ 15 సంవత్సరములు చెల్లును. ఆ పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరములకొకసారి పునరుద్ధరించుకొనవలెను. తెలుపని మార్పుల కారణముగా బీమా సొమ్ము కూడా నిరాకరింపబడవచ్చును.

బాడీ మరమ్మతు

పాత వ్యానునకు ప్రధాన శత్రువు తుప్పు. చక్రముల పైభాగము, తలుపుల అడుగు, అద్దముల చుట్టూ ఉన్న రబ్బరు కింది భాగము, నేలపై పరచిన మ్యాటు అడుగు ముందుగా పరిశీలింపవలెను. స్క్రూడ్రైవరుతో గుచ్చినప్పుడు రేకు లోనికి దిగినచో ఆ భాగమును కోసి కొత్త రేకును వెల్డింగు చేయించవలెను. దానిపై పుట్టీ పూసి కప్పిపుచ్చుట వలన తుప్పు లోలోపల వ్యాపించును. పైపైన తుప్పు ఉన్నచో గరుకు కాగితముతో లోహము కనబడువరకు రుద్ది, ప్రైమరు వేసి, రంగు వేయవలెను.

వాన నీరు కారుచున్నచో తుప్పు పని కన్న ముందు దానిని ఆపవలెను. ఒకరు వెలుపల గొట్టముతో నీరు కొట్టుచుండగా మరొకరు లోపల కూర్చుని చూచినచో కారు చోటు తెలియును. అతుకులకు పాలీయురేథేన్ సీలెంటు తగినది. సిలికాన్ పూసిన చోట రంగు నిలువదు.

మే నెలలో 40 డిగ్రీలు దాటు ఎండలో రేకు వ్యాను కొలిమి వలె ఉండును. పైకప్పు లోపలివైపు ఫోము పలకలు అతికించి, వేడి గాలి పోవుటకు పైన చిన్న ఫ్యాను అమర్చుట ఏ.సి. కన్న ముందు చేయదగిన పని. వడ్రంగమునకు ఐ.ఎస్. 710 గుర్తు గల మెరైన్ ప్లైవుడ్ తేమను తట్టుకొనును.

విద్యుత్తు

ఇంజను బ్యాటరీని ఇంటి అవసరములకు వాడినచో మరునాడు బండి స్టార్టు కాదు. అందువలన రెండవ బ్యాటరీ అవసరము. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్-ఆసిడ్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్ల శక్తి ఉండును. దాని ఆయుర్దాయము తగ్గకుండా సగము, అనగా 600 మాత్రమే వాడుకొనవలెను.

* 25 వాట్ల ఫ్యాను, 8 గంటలు: 200
* 5 వాట్ల దీపములు మూడు, 4 గంటలు: 60
* ఫోను ఛార్జింగు: 20
* మొత్తము: 280 వాట్-అవర్లు

ఈ లెక్కన బ్యాటరీ రెండు రాత్రులకు సరిపోవును. 100 వాట్ల సౌర ఫలకము మంచి ఎండలో రోజుకు సుమారు 300 నుండి 400 వాట్-అవర్లు ఇచ్చును. అదే 1,000 వాట్ల ఏ.సి. నడిపినచో 600 వాట్-అవర్లు 40 నిమిషములలోపే అయిపోవును.

తీగ మందము మరియొక ముఖ్యాంశము. బ్యాటరీ నుండి 5 మీటర్ల దూరమునకు 10 ఆంపియర్లు పంపునప్పుడు రానుపోను 10 మీటర్ల తీగ అగును. 1.5 చదరపు మి.మీ. రాగి తీగలో సుమారు 1.2 వోల్టులు నష్టమగును. 4 చదరపు మి.మీ. తీగలో సుమారు అర వోల్టు మాత్రమే. ప్రతి తీగకు బ్యాటరీకి అతి సమీపములో ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు లేని తీగ రాపిడికి గురై రేకుకు తగిలినచో మంటలు రేగును.

గ్యాసు, పొగ

వంటగ్యాసు గాలి కన్న బరువైనది. లీకైనప్పుడు నేలమట్టమున పేరుకొనును. కావున సిలిండరు అరకు అడుగున వెలుపలికి రంధ్రము ఉంచవలెను. అతుకులను సబ్బు నీటితోనే పరీక్షింపవలెను, అగ్గిపుల్లతో కాదు.

కార్బన్ మోనాక్సైడ్ అంతకన్న ప్రమాదకరము. దీనికి రంగు, వాసన లేవు. 2024 డిసెంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా వడకరలో నిలిపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు మరణించిరి. జనరేటరు నుండి వెలువడిన ఈ వాయువు లోపలికి చేరుటయే కారణమని దర్యాప్తులో తేలినది. ఏ.సి. కోసము జనరేటరు నడుపుచు తలుపులు మూసి నిద్రించరాదు. నేలలోని ప్రతి రంధ్రమును, పొగగొట్టపు అతుకులను పరిశీలించి మూయవలెను. ఈ వాయువును గుర్తించి మోగు అలారమును, చేతికందు చోట అగ్నిమాపకమును ఉంచవలెను.

ప్రయాణమునకు ముందు

బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండు సంవత్సరములకొకసారి మార్చవలెను. టైరు వయసు దాని అంచుపై గల నాలుగు అంకెల వలన తెలియును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారము. తక్కువ తిరిగిన బండి టైరు అరగకపోయినను పగుళ్లు వచ్చును.

బరువు కూడా లెక్కింపవలెను. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. 60 లీటర్ల ట్యాంకు నిండినచో ఒక మనిషి ఎక్కినట్లే. సామాను, మనుషులతో నింపిన బండిని తూకపు వంతెన వద్ద తూయించి, రిజిస్ట్రేషన్ పత్రములోని గరిష్ఠ బరువుతో పోల్చవలెను. బ్రేకులు, స్టీరింగు, వెల్డింగు పనులు అనుభవము గల మెకానిక్‌చే చేయించుకొని, పడకలు, అరలు, దీపములు, రంగు వంటివి సొంతముగా చేసుకొనుట మేలు.