కాలు తీయించేది కర్మ కాదు

కుష్టు వచ్చినవాళ్ల వేళ్లు ఎందుకు ఊడిపోతాయి? పూర్వజన్మ పాపం అని మన పెద్దలు తేల్చేశారు. రోగమే మాంసాన్ని తినేస్తుందని చాలామంది డాక్టర్లు కూడా అనుకునేవారు. రెండూ తప్పే. ఆ తప్పు ఎలా బయటపడిందో తెలిస్తే, ఇవాళ షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు కాపాడుకోవడం తేలిక.

కుష్టుకు సూక్ష్మజీవి కారణమని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. పాపం అనే మాట ఆనాడే పోవాలి, పోలేదు. నేనుండే సాల్ట్ లేక్‌కు దగ్గర్లోనే, కలకత్తా నగరంలో ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ ఉంది. 1920లలో ఎర్నెస్ట్ మ్యూర్ అక్కడ కుష్టుకు నూనె ఇంజక్షన్ల వైద్యం మీద పనిచేశాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన ఆసుపత్రిలోనూ ఆ వైద్యం జరిగింది. అయినా కాళ్ల మీద పుండ్లు మాత్రం ఆగలేదు. ఎందుకని?

దీనికి జవాబు వెతికినవాడు పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఈ సర్జన్ 1946లో వెల్లూరు వచ్చాడు. స్వయంగా భక్తుడే, కానీ జవాబు కోసం గ్రంథాలు తిరగెయ్యలేదు, రోగుల చేతులూ కాళ్లూ చూశాడు. వాళ్ల మాంసం మామూలు మాంసమే, గాయం మామూలుగానే మానుతుంది. పోయింది నరాల్లో స్పర్శ. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. రాత్రి ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాదు. అందుకే ఇంటికి వెళ్లే రోగి వెంట ఒక పిల్లిని పంపేవారు! నొప్పి లేదు కాబట్టి పుండు మీదే నడుస్తారు. చీము ఎముకకు చేరుతుంది. చివరికి కాలు తీసేయాల్సి వస్తుంది.

1930లలోనే ఇండియాలో జోసెఫ్ ఖాన్, సిలోన్‌లో మిల్రాయ్ పాల్ పుండు ఉన్న పాదానికి ప్లాస్టర్ కట్టు వేసి, బరువు ఒకేచోట పడకుండా చూసి, పుండ్లు మాన్పారు. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్లాక ఆ కట్టు షుగర్ పుండ్లకూ పనికొచ్చింది. జబ్బు వేరైనా, తిమ్మిరెక్కిన పాదం ఒకటే.

బోస్టన్ డాక్టరు ఎలియట్ జాస్లిన్ 1934లోనే ఈ మాట రాశాడు: షుగర్ రోగుల గాంగ్రీన్ ఆకాశం నుంచి ఊడిపడదు, నేల మీదే పుడుతుంది. ఇన్సులిన్ వచ్చాక కోమాతో చనిపోయేవారు తగ్గారు. కానీ ఎక్కువకాలం బతికినవారిలో గాంగ్రీన్ చావులు పెరిగాయి. పాదాలు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పితే చాలావరకు ఆపవచ్చని ఆయన వాదన.

మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్లని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో అత్యధికం ఒక చిన్న పుండుతోనే మొదలవుతాయి. అయినా మనవాళ్లు అయ్యప్ప మాల వేసుకుని చెప్పులు వదిలేస్తారు. ఇక్కడివాళ్లు శ్రావణంలో తారకేశ్వర్‌కు కావడి మోస్తూ వట్టికాళ్లతో నడుస్తారు. స్పర్శ పోయిన పాదానికి ఏ దేవుడూ పూచీ పడడు.

డిఫెన్స్ అకౌంట్స్‌లో నేర్చుకున్నది ఒకటే: నష్టాన్ని చివరి పేజీలో కాదు, మొదటి పద్దులో పట్టుకోవాలి. రోజూ రాత్రి పాదాల అడుగున, వేళ్ల సందుల్లో చూసుకోండి. కంటిచూపు చాలకపోతే అద్దం పెట్టుకోండి, ఇంట్లోవాళ్లను చూడమనండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. వేడినీళ్ల కాపడం, బ్లేడుతో ఆనెకాయలు కోసుకోవడం, ఆకుపసర్లు మానండి. బీడీ, సిగరెట్ రక్తనాళాలను మూసేస్తాయి, వదిలేయండి. ఏడాదికోసారి డాక్టరు చేత పాదాల్లో స్పర్శ, నాడి చూపించుకోండి. రక్తనాళాలు బాగా పూడుకుపోయిన కొందరి కాళ్లు ఎంత చేసినా దక్కకపోవచ్చు. కానీ చాలామందివి దక్కుతాయి.

పుండు కనబడితే ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. "నొప్పి లేదు కదా" అని ఊరుకోకండి. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం.